ఫ్లాగ్‌స్టాఫ్‌లో 145, గ్లామిస్‌లో 185: ఒక బాన్షీ ఇంజన్ కేస్ స్టడీ

థ్యాంక్స్‌గివింగ్ సెలవుల ఆఖరి రోజు సాయంత్రం అరిజోనాలోని చాండ్లర్‌లో మా ఇంటి ముందు ఒక పికప్ ట్రక్ ఆగింది. వెనక తాళ్లతో బిగించి కట్టిన యమహా బాన్షీ, ఇసుకలో తోలే నాలుగు చక్రాల బండి. దాని చక్రాల నిండా గ్లామిస్ దిబ్బల ఇసుక. తెచ్చిన కుర్రాడిది ఖమ్మం, ఉద్యోగం కొండల మీదున్న ఫ్లాగ్‌స్టాఫ్‌లో. దిగీ దిగగానే అన్నాడు: "అన్నా, బంకులో కల్తీ పెట్రోల్ పోశారు. కుడి సిలిండర్ పోయింది."

నేను పగలు వేరే ఉద్యోగం చేస్తాను. సాయంత్రాలు, శనాదివారాలు గరాజ్‌లో టూ-స్ట్రోక్ ఇంజన్లు విప్పి కడతాను. కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని పిస్టన్ నొక్కే ఒత్తిడి) పెంచి పాడుచేసుకున్న ఇంజన్లు ఏడాదికి కొన్నైనా నా బల్ల మీదికి వస్తాయి. వాటిలో ఎక్కువ శాతం వాళ్లు నింద వేసేది పెట్రోల్ మీదే. ఈ బండి విషయంలో ఆ నింద ఎంతవరకు నిజమో కొలిచి చూసుకునే అవకాశం దొరికింది కాబట్టి మొత్తం రాస్తున్నాను.

బండి సంగతి

బాన్షీ అంటే యమహా వైఎఫ్‌జెడ్350. అమెరికాలో 1987 మోడల్ నుంచి 2006 మోడల్ వరకు అమ్మారు. రెండు సిలిండర్లు, నీళ్లతో చల్లబడే రీడ్ వాల్వ్ టూ-స్ట్రోక్, 347 సీసీ, ఆరు గేర్లు. సెల్ఫ్ లేదు, కిక్ ఒక్కటే. బోర్ 64 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 54. మన దగ్గర రాజ్‌దూత్ 350 తోలినవాళ్లకు, విప్పినవాళ్లకు ఈ రెండు అంకెలు చూడగానే గుర్తొచ్చేస్తుంది. ఎస్కార్ట్స్ 1983 నుంచి అమ్మిన ఆ బండికీ ఇదే 64, ఇదే 54. అది గాలితో చల్లబడేది, ఇది నీళ్లతో చల్లబడేది. వంశం మాత్రం ఒకటే.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో, రాజ్‌దూత్‌ల మీదే. అప్పట్లో పికప్ కావాలని ఎవరడిగినా హెడ్, అంటే సిలిండర్ పై మూత, లేత్ మీదికి ఎక్కేది. అర మిల్లీమీటరు, ఒక్కోసారి మిల్లీమీటరు కోసేసేవాళ్లం. స్క్విష్ (పిస్టన్ అంచుకీ హెడ్ అంచుకీ మధ్య సందు) అనే మాట మా షెడ్డులో ఎవరి నోటా వినలేదు. మేం అలా కోసి ఇచ్చిన ఒక బండి ఏలూరు రోడ్డు మీద పిస్టన్‌కు చిల్లు పడి ఆగిపోయింది. ఆ పిస్టన్‌ని చాలా ఏళ్లు దాచుకున్నాను.

ఈ బాన్షీ 2004 మోడల్, సెకండ్ హ్యాండ్. పాత ఓనరు ఇంజన్ పని చేయించే అమ్మాడు. సిలిండర్లు 64.5కి బోర్ చేసి ఉన్నాయి. ఎగ్జాస్ట్ పోర్ట్ (సిలిండర్‌లో పొగ బయటికి పోయే రంధ్రం) పైకి లేపి ఉంది. రెండు ఎక్స్‌పాన్షన్ ఛాంబర్లు (పొగ బయటికి పోయే ఉబ్బెత్తు గొట్టాలు), ఓపెన్ ఫిల్టర్లు, కార్బురేటర్లు మాత్రం కంపెనీవే, 26 మిల్లీమీటర్ల మికూనీలు. ఇగ్నిషన్ టైమింగ్‌ని, అంటే ప్లగ్ నిప్పు పెట్టే క్షణాన్ని, కంపెనీ సెట్టింగ్ కంటే 4 డిగ్రీలు ముందుకు జరిపే ప్లేటు బిగించి ఉంది. కంపెనీ హెడ్ తీసేసి డోమ్‌లు (హెడ్ లోపలి గిన్నెలు) మార్చుకోగలిగే హెడ్ పెట్టారు. లోపల డోమ్‌ల మీద 18 అని చెక్కి ఉంది.

ఆ 18 అంటే డోమ్ గిన్నె ఎన్ని సీసీలు పడుతుందో చెప్పే అంకె. బాన్షీకి 18 నుంచి 22 దాకా రకరకాల డోమ్‌లు దొరుకుతాయి. అంకె తగ్గేకొద్దీ గిన్నె చిన్నదవుతుంది, కంప్రెషన్ పెరుగుతుంది. సముద్ర మట్టం దగ్గర బంకు పెట్రోల్‌కి 21, 22 వాడటం ఇక్కడ మామూలు. 18 అంటే రేస్ గ్యాస్‌కి, అంటే ఎక్కువ ఆక్టేన్ ఉన్న పందెం పెట్రోల్‌కి, పెట్టేది.

మరి ఇది ఇన్నాళ్లు బంకు పెట్రోల్‌తో ఎలా తిరిగింది? కుర్రాడు కొన్నది ఫ్లాగ్‌స్టాఫ్‌లో. ఏడాదిన్నరగా తోలుతున్నది ఆ ఊరి పక్కనున్న సిండర్ హిల్స్‌లో, అగ్నిపర్వతం బూడిద గుట్టల మీద. ఆ ఊరు 2,100 మీటర్ల ఎత్తులో ఉంది. గ్లామిస్ అంటే కాలిఫోర్నియా ఆగ్నేయ మూలన, యూమా పక్కనున్న ఇంపీరియల్ ఇసుక దిబ్బలు. అక్కడ ఎత్తు సుమారు 100 మీటర్లు. బండి గ్లామిస్‌కి వెళ్లడం ఇదే మొదటిసారి.

విప్పకముందు, విప్పాక

విప్పడానికి ముందు ఇంజన్‌కి లీక్ టెస్ట్ చేశాను. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూసేసి లోపలికి 6 పీఎస్ఐ గాలి కొట్టి ఆరు నిమిషాలు చూశాను. ముల్లు కదల్లేదు. చాలామంది ఈ పని వదిలేసి నేరుగా హెడ్ విప్పేస్తారు. క్రాంక్ సీలు కారినా, ఇన్‌టేక్ బూటు పగిలినా మిశ్రమం పలచబడి, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువై, పిస్టన్ పోతుంది. విప్పేశాక ఆ ఆధారం మళ్లీ దొరకదు. ఇక్కడ గాలి లీకు లేదని తేలింది.

తర్వాత కంప్రెషన్. రెండు ప్లగ్గులూ తీసి, వైర్లు బాడీకి తగిలించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ముల్లు ఆగేదాకా కిక్ కొట్టాను. ఎడమ 180 పీఎస్ఐ, కుడి 135. గేజ్ గురించి కూడా చెప్పాలి. గేజ్ గొట్టంలో ఉండే ఖాళీ కూడా సిలిండర్ ఖాళీలో కలిసిపోతుంది. కారు ఇంజన్‌లో ఆ తేడా లెక్కలోకి రాదు. పది పన్నెండు సీసీల టూ-స్ట్రోక్ సిలిండర్ ఖాళీలో రెండు సీసీలు కలిసినా రీడింగ్ బాగా పడిపోతుంది. అందుకే గాలి వెనక్కి రాకుండా ఆపే చిన్న వాల్వు ప్లగ్ చివరనే ఉన్న గేజ్ వాడతాను.

హెడ్ తీశాక కథ కళ్లముందే ఉంది. కుడి పిస్టన్ అంచు ఎగ్జాస్ట్ వైపు ఎలుక కొరికినట్టు తినేసింది. పై రింగు గాడి అంచు విరిగి రింగు ఇరుక్కుపోయింది. డోమ్ అంచున, స్క్విష్ పట్టీ మీద ఇసుకతో కొట్టినట్టు సన్నని గుంటలు. ప్లగ్ పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, వాటి మధ్య మెరిసే అల్యూమినియం రవ్వలు. ఎడమ సిలిండర్ ఇంకా బతికే ఉంది, కానీ దాని డోమ్ అంచునా అవే గుంటలు మొదలయ్యాయి.

ఈ గుర్తులు ముఖ్యం. ఆయిల్ చాలక పట్టేస్తే పిస్టన్ స్కర్ట్ మీద నిలువు గీతలుంటాయి. చల్లటి ఇంజన్‌ని ఒక్కసారి గట్టిగా తోలితే నాలుగు మూలలా గీసుకుపోతుంది. ప్రీ-ఇగ్నిషన్ అయితే పిస్టన్ నడినెత్తి కరిగి చిల్లు పడుతుంది. అంచు కొరికినట్టు పోయిందంటే అది డిటోనేషన్. ప్లగ్ నిప్పు పెట్టాక మంట మధ్య నుంచి అంచులకు పాకుతుంది. మంట ఇంకా చేరని అంచుల్లో మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తట్టుకోలేక తనంతట తానే భగ్గుమంటే ఆ దెబ్బ నేరుగా పిస్టన్ అంచు మీద పడుతుంది. కార్లో అయితే టకటకమని వినపడుతుంది. ఛాంబర్ల మోతలో, ఇసుకలో, హెల్మెట్ లోపల ఏమీ వినపడదు. అందుకే ఈ బండ్లకి ముందస్తు హెచ్చరిక అంటూ ఉండదు.

రెండు సిలిండర్లలోనూ ఒకే జబ్బు కనిపించింది కాబట్టి ఒక కార్బురేటర్ మూసుకుపోవడం లాంటి కారణాలు పక్కకు పోయాయి. మెయిన్ జెట్ అంకె అడిగాను. అది కార్బురేటర్‌లో పెట్రోల్ వెళ్లే చిన్న రంధ్రం, అంకె పెరిగితే పెట్రోల్ ఎక్కువ వెళ్తుంది. ఫ్లాగ్‌స్టాఫ్‌లో 260, గ్లామిస్ వెళ్లేముందు 280 పెట్టాడు. కిందికి దిగేటప్పుడు జెట్ పెంచాలని తెలుసుకుని మరీ మార్చాడు. ఆ లెక్క ఇది: ఫ్లాగ్‌స్టాఫ్‌లో గాలి సాంద్రత సముద్ర మట్టంలో 81 శాతం దాకా ఉంటుంది. కార్బురేటర్ మిశ్రమం ఆ నిష్పత్తి వర్గమూలం ప్రకారం మారుతుంది, అంటే 0.9. 260ని 0.9తో భాగిస్తే 289. కాబట్టి 290 పెట్టాల్సింది. ఒక మెట్టు తక్కువ పెట్టాడు. అది మంచిది కాదు, కానీ ఒక మెట్టు తేడాకి పిస్టన్ ఈ తీరున తినేయదు.

145 ఎలా 185 అయింది

"కంప్రెషన్ నేనే చూసుకున్నా అన్నా, రెండూ 145 ఉన్నాయి. 91 ఆక్టేన్ పెట్రోల్‌కి 150 దాకా పర్లేదని అందరూ అంటారు" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. కొలిచింది ఫ్లాగ్‌స్టాఫ్‌లో, అంతే.

గేజ్ చూపించేది బయటి గాలి మీద ఎంత ఎక్కువ ఒత్తిడి వచ్చిందన్నది. బయటి గాలే తక్కువగా ఉంటే గేజ్ కూడా తక్కువే చూపిస్తుంది. ఫ్లాగ్‌స్టాఫ్‌లో బయటి గాలి ఒత్తిడి సుమారు 11.4 పీఎస్ఐ. 145కి అది కలిపితే 156.4. అంటే ఈ ఇంజన్ లోపలికి తీసుకున్న గాలిని దాదాపు 13.7 రెట్లు నొక్కుతోంది. మా చాండ్లర్‌లో బయటి గాలి 14.1. దాన్ని 13.7తో గుణించి, మళ్లీ 14.1 తీసేస్తే 179. నా గేజ్ ఎడమ సిలిండర్‌లో చూపించింది 180. గ్లామిస్‌లో బయటి గాలి 14.5, లెక్క 184 దాటుతుంది. ఇంజన్‌లో ఒక్క బోల్టు కూడా మార్చకుండా, రోడ్డు మీద దిగువకు వచ్చినందుకే 40 పీఎస్ఐ పెరిగింది.

ఈ లెక్క కాగితం మీద చూపించినప్పుడు కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు.

కంప్రెషన్ నిష్పత్తి కూడా కొలిచాను. పిస్టన్‌ని పైకి తెచ్చి, అంచు చుట్టూ గ్రీజుతో మూసి, ప్లగ్ రంధ్రం నిటారుగా ఉండేలా ఇంజన్‌ని వంచి, సిరంజితో పలచటి ఆయిల్ నింపాను. ప్లగ్ దారం భాగం తీసేస్తే నిలిచింది 11.2 సీసీ. డోమ్ మీద 18 అని రాసి ఉన్నా, ఉబ్బెత్తు పిస్టన్ నెత్తి గిన్నెలోకి దూరుతుంది కదా, అందుకే మిగిలేది ఇంతే. డోమ్ మీది అంకెను చూసి కంప్రెషన్ లెక్కగట్టకూడదు.

టూ-స్ట్రోక్‌కి పూర్తి స్ట్రోక్‌తో లెక్కేస్తే నిష్పత్తి 16.8 వస్తుంది. అది చూసి భయపడక్కర్లేదు. ఎగ్జాస్ట్ పోర్ట్ మూసుకునేదాకా గాలి నొక్కుకోవడం మొదలవదు కాబట్టి పోర్ట్ పైనుంచే లెక్క కట్టాలి. యమహా చెప్పే 6.5 ఈ లెక్కదే. ఈ సిలిండర్‌లో పోర్ట్ పై అంచు పిస్టన్ పై స్థానం నుంచి 27 మిల్లీమీటర్ల కింద ఉంది. 64.5 బోర్‌కి ఆ 27 మిల్లీమీటర్ల ఘనపరిమాణం 88 సీసీ. 88కి 11.2 కలిపి 11.2తో భాగిస్తే 8.9. కంపెనీ 6.5తో పంపిన ఇంజన్ 8.9కి చేరింది.

పైగా గేజ్ చెప్పేది కిక్ కొట్టినప్పటి మాట మాత్రమే. ఛాంబర్లు ట్యూన్‌లోకి వచ్చాక బయటికి పోయిన మిశ్రమాన్ని తిరిగి సిలిండర్‌లోకి తోస్తాయి. ఆ వేగంలో సిలిండర్‌లో చిక్కుకునే మిశ్రమం కిక్‌లో కంటే చాలా ఎక్కువ. సిండర్ హిల్స్‌లో వంపులూ గుట్టలూ కాబట్టి థ్రాటిల్ ఎక్కడా ఎక్కువసేపు పూర్తిగా తెరిచి ఉండదు. గ్లామిస్‌లో ఓల్డ్స్‌మొబైల్ హిల్ ఎక్కాలంటే కింద నుంచి పైదాకా థ్రాటిల్ వదలకూడదు, ఇసుక బండిని లాగుతూనే ఉంటుంది.

ఇక స్క్విష్. పిస్టన్ అంచుకీ హెడ్ అంచుకీ మధ్య దూరాన్ని మెత్తటి సీసపు తీగతో కొలిచాను. పిస్టన్ పిన్ను వెళ్లే దిశలో రెండు వైపులా తీగ పెట్టి ఇంజన్ తిప్పితే నలిగిన తీగ మందమే ఆ దూరం. 1.5 మిల్లీమీటర్లు వచ్చింది. పాత ఓనరు డోమ్‌లు కొని, పెట్టి, బిగించి వదిలేశాడన్నమాట. స్క్విష్ దగ్గరగా ఉంటే అంచుల్లోని మిశ్రమం మధ్యలోకి తన్నుకుపోతుంది, మిగిలిన కొద్దిపాటి పొర లోహానికి ఆనుకుని చల్లగా ఉంటుంది. దూరంగా ఉంటే తగలబడటానికి సరిపడా మిశ్రమం అంచుల్లో నిలిచిపోతుంది. కంప్రెషన్ ఎక్కువ, స్క్విష్ దూరం. ఇంతకన్నా చెడ్డ జోడీ నాకు తెలియదు. దానికి తోడు టైమింగ్ 4 డిగ్రీలు ముందుకు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి సరిగ్గా ఉన్నా ఆ వారాంతం గడిచిపోయేదేమో.

ఆక్టేన్ గురించి వాదన

కుర్రాడి కోరిక సూటిగా ఉంది. "పిస్టన్ మార్చెయ్యండన్నా. ఇక నుంచి 110 రేస్ గ్యాస్ పోసుకుంటా."

ఆ దారి తప్పని అనను. 8.9 నిష్పత్తికి 110 సరిపోతుంది. కానీ ముందు అతని మనసులో ఉన్న ఒక అభిప్రాయాన్ని తీసేయాల్సి వచ్చింది. ఆక్టేన్ అంటే శక్తి కాదు. తనంతట తాను అంటుకోకుండా ఎంత తట్టుకోగలదో చెప్పే అంకె. ఐసో-ఆక్టేన్‌కి 100, హెప్టేన్‌కి 0 అని పెట్టుకుని ఆ రెండింటి మిశ్రమాలతో పోల్చి చెబుతారు. డిటోనేషన్ రాని ఇంజన్‌లో ఆక్టేన్ పెంచితే వచ్చే లాభం ఏమీ లేదు.

ఇంకో గందరగోళం అంకెలది. ఇండియాలో బంకు మీద రాసేది రీసెర్చ్ ఆక్టేన్, అంటే రాన్. అమెరికాలో రాసేది రాన్, మోటార్ ఆక్టేన్‌ల సగటు. ఇక్కడి 91 మన లెక్కలో 95, 96కి దగ్గర. అంటే ఇండియాలో ప్రీమియం పేరుతో అమ్మే 95కి సాటి. విజయవాడ నుంచి ఒక మిత్రుడు ఫోన్ చేసి "మీ దగ్గర 91తో 150 పీఎస్ఐ నడుస్తుందట కదా, ఇక్కడా 91 పోస్తున్నా" అన్నప్పుడు నా గుండె ఆగినంత పనైంది. అక్కడి 91, ఇక్కడి 91 ఒకటి కావు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలా యమహా ఆర్ఎక్స్‌లు, రాజ్‌దూత్‌లు బతుకుతాయి.

ఆక్టేన్ బూస్టర్ సీసా గురించీ అడిగాడు. సీసా మీద రాసేది పాయింట్లు, పది పాయింట్లైతే ఒక ఆక్టేన్. "30 పాయింట్లు" అంటే 91 కాస్తా 94 అవుతుంది, 121 కాదు. 91లో 110 సగానికి సగం కలిపితే సుమారు 100 వస్తుంది, అది నిజమైన లాభం. చిన్న విమానాశ్రయాల్లో దొరికే నీలిరంగు ఏవ్‌గ్యాస్ (విమానాల పెట్రోల్) వాడేవాళ్లూ ఉన్నారు. డిటోనేషన్‌ని బాగానే ఆపుతుంది. కానీ అది బంకు పెట్రోల్ కంటే తేలిక, అదే జెట్‌తో మిశ్రమం పలచబడుతుంది. పైగా అందులో సీసం ఉంది. గరాజ్‌లో పిల్లలు తిరిగే ఇంట్లో దాన్ని నేను చేత్తో ముట్టను.

రేస్ గ్యాస్‌కి నా అభ్యంతరం వేరు. ట్యాంకు 12 లీటర్లు, ఇసుకలో ఒక పూటకే ఖాళీ. ఎడారి మధ్యలో డబ్బా అయిపోయిన రోజున పక్కవాడు ప్రేమగా ఇచ్చే 91 పోసుకుంటాడు. ఆ పూటే ఇంజన్ పోతుంది. ప్రతిసారీ సరైన పెట్రోల్ దొరికితేనే బతికే ఇంజన్‌ని ఆడుకోవడానికి తోలేవాడి చేతిలో పెట్టడం నాకిష్టం లేదు. ముందు ఏ పెట్రోల్ ఎప్పుడూ దొరుకుతుందో చూసుకుని, తర్వాత హెడ్ కొలతలు నిర్ణయించుకోవాలి. నేను ఆటోనగర్‌లో నేర్చుకున్న పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు.

అతని వైపు వాదన కూడా బలంగానే ఉంది. "పదిసార్లలో తొమ్మిదిసార్లు నేను తోలేది సిండర్ హిల్స్‌లోనే. అక్కడ ఇది బాగానే ఉంది కదా. ఒక్క గ్లామిస్ కోసం అక్కడ పవర్ పోగొట్టుకోవాలా?"

అందుకని పోయేదెంతో లెక్కగట్టాను. ఆదర్శ ఇంజన్ సూత్రం ప్రకారం నిష్పత్తి 8.9 అయితే సామర్థ్యం 58 శాతం, 7.5 అయితే 55. అంటే కాగితం మీదే తేడా ఇరవైలో ఒకటో వంతు. నిజం ఇంజన్‌లో ఇంకా తక్కువ. ఫ్లాగ్‌స్టాఫ్ ఎత్తు వల్ల పోయే గాలి మాత్రం దాదాపు ఐదో వంతు. దాన్ని ఏ డోమ్ కూడా తిరిగి తేలేదు. స్క్విష్ దగ్గర చేస్తే మంట త్వరగా, నిండుగా సాగి పోయినదాంట్లో కొంత వెనక్కి వస్తుంది. రెండు సెట్ల డోమ్‌లు పెట్టుకుని కొండ మీదికి ఒకటి, ఇసుకకి ఒకటి మార్చుకోవచ్చు, ఈ హెడ్ చేసిందే అందుకు. కానీ ప్రతిసారీ నీళ్లు తీయాలి, ఓ-రింగులు మార్చాలి, జెట్ మార్చాలి. శుక్రవారం రాత్రి ఆఫీసు నుంచి వచ్చి బండెక్కించేవాడు ఒక్కసారి మర్చిపోతే మళ్లీ ఇదే కథ. చివరికి ఒకే సెట్, గ్లామిస్‌ని దృష్టిలో పెట్టుకుని, 91కి, అని ఇద్దరం ఒప్పుకున్నాం.

పని

అల్యూమినియం రవ్వలు కిందికి రాలాయి కాబట్టి క్రాంక్ కేసు విడదీయక తప్పలేదు. పైపైన కడిగేసి బిగిస్తే రెండు నెలల్లో బేరింగు పోయి మళ్లీ వస్తుంది. క్రాంక్ బయటి బేరింగులు, సీళ్లు మార్చాం. సిలిండర్లు 65కి బోర్ అయ్యాయి, రెండు కొత్త పిస్టన్లు. ఎడమది బాగానే ఉంది, ఉంచేద్దామన్నాడు. రెండు బోర్లు వేర్వేరు కొలతల్లో ఉండకూడదని ఒప్పించాను.

డోమ్‌లు 22 తెప్పించాను. అలాగే పెడితే స్క్విష్ మళ్లీ 1.5 దగ్గరే ఉంటుంది. అందుకని లేత్ మీద డోమ్ కూర్చునే ముఖం నుంచి 0.4 తీసి డోమ్‌ని కిందికి దించాను. ఓ-రింగు గాడి లోతు తగ్గకుండా మళ్లీ కోశాను. ఇది మర్చిపోతే మొదటిరోజే నీళ్లు సిలిండర్‌లోకి వస్తాయి. ఈ 0.4 మిల్లీమీటర్లు 65 బోర్‌లో 1.3 సీసీ తగ్గిస్తుంది. సీసపు తీగతో స్క్విష్ 1.1, నలిగిన తీగ లోపలి కొస బయటి కొస కంటే రవ్వంత మందం, అలాగే ఉండాలి. ఇంకా దగ్గర చేసేవాళ్లున్నారు. ఎక్కువ వేగంలో రాడ్డు సాగి పిస్టన్ హెడ్‌ని తాకకుండా ఈ కాస్త చోటు వదిలాను.

ఆయిల్ పోసి కొలిస్తే 13.8 సీసీ. పోర్ట్ పైన ఘనపరిమాణం 89.6. నిష్పత్తి 7.5. టైమింగ్ ప్లేటు సున్నాకి వెనక్కి తెచ్చాను. దీనికి మాత్రం కుర్రాడు నిజంగా బాధపడ్డాడు, ఆ ప్లేటు వల్లే కిందిస్థాయిలో లాగుడు బాగుండేది. ఆయిల్ 32కి 1 పాళ్లలోనే ఉంచాం. ఆయిల్ ఎక్కువ పోస్తే ఇంజన్‌కి మంచిదని కొందరు పోస్తారు. జెట్ గుండా వెళ్లేదాంట్లో ఆయిల్ పెరిగితే పెట్రోల్ తగ్గుతుంది, మిశ్రమం పలచబడుతుంది. పాళ్లు మార్చినవాడు జెట్ కూడా చూసుకోవాలి.

గరాజ్‌లో కొత్త కంప్రెషన్ రెండు వైపులా 143. "ఇంతేనా?" అన్నాడు. 180 చూసిన కంటికి 143 చిన్నగానే కనపడుతుంది.

ఇసుకలో

ఫిబ్రవరిలో ఇద్దరం గ్లామిస్ వెళ్లాం. మెయిన్ జెట్ 310తో మొదలుపెట్టాను. రింగులు కూర్చునేదాకా మెల్లగా తోలించి, తర్వాత చదునైన ఇసుక మీద మూడో గేర్‌లో పూర్తి థ్రాటిల్, అక్కడే క్లచ్ పట్టి ఇంజన్ ఆపేయడం, ప్లగ్గులు తీసి భూతద్దంతో చూడటం. 310కి ప్లగ్ లోపలి వలయం మరీ నల్లగా వచ్చింది. 300కి కూడా కొంచెం ఎక్కువే. 290కి పింగాణీ అడుగున సన్నని గోధుమరంగు వలయం, మిరియాల చుక్క ఒక్కటీ లేదు. నవంబర్‌లో లెక్కగట్టిన 289 గుర్తొచ్చింది, కానీ ఈ కొత్త ఇంజన్‌లో కంప్రెషన్, టైమింగ్ అన్నీ మారాయి కాబట్టి అది కొంతవరకు కలిసిరావడమే అనుకోవాలి.

మధ్యాహ్నం ఓల్డ్స్‌మొబైల్ హిల్ నాలుగుసార్లు ఎక్కించాం. ఒక్కోసారి పైకి చేరగానే ఆపి ప్లగ్గులు చూశాను. నాలుగోసారి తర్వాత ప్లగ్ రంధ్రంలోంచి చిన్న కెమెరా పెట్టి పిస్టన్ అంచులు చూశాను. కోసినప్పటి గీతలు అలాగే ఉన్నాయి. పోసింది యూమా బంకులో కొట్టించిన మామూలు 91. కుర్రాడి మాటల్లో, కింద నుంచి లేవడం కాస్త మెత్తబడింది, ఛాంబర్లు అందుకున్నాక తేడా తెలియలేదు. ఆ మెత్తదనం ఎక్కువగా టైమింగ్‌దని నా నమ్మకం. పది గంటలు తోలాక ఇంజన్ మళ్లీ ఇలాగే ఉంటే 2 డిగ్రీలు తిరిగి ఇస్తానన్నాను.

ఏప్రిల్‌లో ఆ పది గంటలు అయ్యాయి. కంప్రెషన్ 144, 143. డోమ్‌లు తీసి చూశాను, శుభ్రంగా ఉన్నాయి. మాటిచ్చినట్టు 2 డిగ్రీలు ఇచ్చాను. ఆ వారాంతం ప్లగ్గులు చూసి ఫొటోలు పంపమన్నాను, పంపాడు, బాగున్నాయి.

తర్వాతి శనివారం ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి ఫోన్, గొంతులో టెన్షన్. "అన్నా, కంప్రెషన్ పడిపోయింది. రెండూ 116 చూపిస్తున్నాయి. రింగులు పోయాయా?"

"116కి 11.4 కలుపు" అన్నాను. "ఎంతొచ్చింది?"

"127.4."

"దాన్ని 11.4తో భాగించు."

కాసేపు నిశ్శబ్దం. "11.2 దాకా వస్తోంది."

"ఇప్పుడు మా గరాజ్‌లో కొలిచిన 143కి 14.1 కలిపి, 14.1తో భాగించు."

ఈసారి నవ్వు వినపడింది. మెయిన్ జెట్ 290 తీసి 260 పెట్టుకోమని, గ్లామిస్ బయల్దేరే ముందురోజే మళ్లీ 290 బిగించుకోమని చెప్పాను. మర్చిపోకుండా ఉండాలని హ్యాండిల్ మీద తెల్లటి టేపు అంటించి, దాని మీద మార్కర్‌తో రాసుకున్నాడట: 13.8 సీసీ, 1.1, 91, కొండకి 260, ఇసుకకి 290.